పెదనాన్నగారి యూనివర్సిటీ

పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని మనకు చిన్నప్పుడే నేర్పారు. వాళ్ల చేతికి వాట్సాప్ వచ్చాక ఆ మర్యాద అబద్ధాలకు కాపలా కాస్తోంది.

ఫ్యామిలీ గ్రూపునే చూడండి. తెల్లారి ఐదింటికి పెదనాన్నగారు గులాబీ పువ్వుతో శుభోదయం చెబుతారు. ఆ వెంటనే యునెస్కో మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదని ప్రకటించేస్తుంది. అలాంటిదేమీ లేదని ఆ సంస్థ 2008లోనే చెప్పింది. చెబితే మాత్రం? యునెస్కో 1945లో పుట్టింది, పెదనాన్నగారు దానికంటే రెండేళ్లు పెద్ద.

2016 నవంబరులో కొత్త రెండు వేల నోటులో నానో చిప్ ఉందని, నేలలో 120 మీటర్ల లోతున పాతినా ఉపగ్రహం పసిగడుతుందని ఇలాగే తెలిసింది. ఇంజినీరింగ్ చదివిన అల్లుడు "మామయ్యగారూ, బ్యాటరీ లేకుండా ఉపగ్రహం దాకా సిగ్నల్ ఎలా..." అని సగం టైపు చేశాడు. సంక్రాంతికి అత్తారింటికి వెళ్లాలని గుర్తొచ్చి, అది చెరిపేసి, దణ్ణం బొమ్మ పెట్టాడు. 2023 మేలో రిజర్వు బ్యాంకు ఆ నోటునే వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. చిప్ మాత్రం గ్రూపులో ఇంకా చెలామణీలోనే ఉంది.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ తిరిగిన వదంతులకు అమాయకులు బలయ్యాక, 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక్కసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వనంది. 2020లో, బాగా చేతులు మారిన మెసేజీనైతే ఒక్కోదానికే పంపాలంది. రిటైరైన మనిషికి ఇదేం అడ్డంకి? ఆయన కాపీ చేసి, ఫార్వర్డ్ ముద్ర లేకుండా మళ్లీ అతికిస్తారు. దాంతో ఊళ్లో తిరిగే అబద్ధం కాస్తా స్వగృహ సరుకైపోతుంది.

కుర్రాళ్లూ తక్కువ తినలేదు. ఫలానా చోట దొరుకుతుందని తెలిస్తే మనిషి విషయాన్ని వదిలేసి ఆ చోటునే గుర్తుపెట్టుకుంటాడని 2011లో బెట్సీ స్పారో బృందం 'సైన్స్' పత్రికలో రాసింది. మనవాళ్లు దాన్ని చుట్టాలకూ వర్తింపజేశారు. బాబాయి ఎక్కడున్నాడు? గ్రూపులో. ఇక పలకరించడం దేనికి, గ్రూపును మ్యూట్‌లో పెడితే సరి.

ఆ మధ్య బాబాయికి స్టెంటు వేసిన కబురు వచ్చింది. మెంతుల కషాయానికీ వర్జ్యం వేళలకూ మధ్య దూరింది పాపం. దాని కింద వరసగా దణ్ణం బొమ్మలు, నానో చిప్‌కు పెట్టినవే. ఫోను చేసినవాళ్లు లేరు. పెళ్లిలో కనబడితే పిన్ని నిలదీసింది:

"ఒక్కళ్లైనా బాబాయిని చూడ్డానికి రాలేదేంట్రా?"

"చూశాం పిన్నీ. బ్లూ టిక్ పడలేదూ?"