మాజీ గారి లెటర్‌ప్యాడు

2009 ఎన్నికల నాటికి మా దిక్కున మెట్‌పల్లి, బుగ్గారం, నేరెళ్ల నియోజకవర్గాలు పటంలోంచే పోయాయి. కోరుట్ల, ధర్మపురి, వేములవాడ కొత్తగా పుట్టుకొచ్చాయి. నియోజకవర్గమైనా పోతుంది గానీ, మాజీ ఎమ్మెల్యే హోదా పోదు. దానికి ఎన్నికల్లేవు, ఐదేళ్ల గడువూ లేదు. ఆ జాతికి మచ్చుగా ఒకాయన్ని ఊహించుకుందాం. పేరెందుకు, మాజీ గారందాం.

ఆయన లెటర్‌ప్యాడు మీద ‘శాసనసభ్యులు’ అన్నది బొద్దక్షరాల్లో ఉంటుంది. ముందున్న ‘మాజీ’ చదవాలంటే అద్దాలు పెట్టుకోవాలి. తెల్లారేసరికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు నిండుతాయి. బతుకమ్మ చీరలు నేసిచ్చి బిల్లు కోసం తిరుగుతున్న సిరిసిల్ల మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార) సంఘం అధ్యక్షుడు, బదిలీ కావాల్సిన జగిత్యాల పంతులు, దుబాయిలో కొడుకు చిక్కుకున్న కోరుట్ల తల్లి.

గెలిచినన్నాళ్లు ఆయన చేసింది సంతకాలే. ఆ కాగితం ఎటుపోయిందో ఎన్నడూ అడగలేదు. ఓడిపోయాకే సచివాలయం అర్థమైంది. ఫైలు మంత్రి పేషీలో కాదు, సెక్షన్ ఆఫీసరు బల్ల మీద పడుకుంటుందని కనిపెట్టాడు. ఇప్పుడు బిల్లుకు జౌళిశాఖ ఒప్పుకుందని చెబితే మురిసిపోడు.

“బడ్జెట్ విడుదల ఆర్డరు, బీఆర్వో ఇచ్చిన్రా? ట్రెజరీల టోకెన్ పడ్డదా?” అని అడుగుతాడు. సిట్టింగు ఎమ్మెల్యేకు ఆ ప్రశ్నలు తట్టవు మరి.

అమెరికాలో 1995 లాబీయింగ్ చట్టం ప్రకారం ఇలాంటివాళ్లు పేరు నమోదు చేసుకోవాలి, ఎవరి తరఫున ఎంత పుచ్చుకున్నారో చెప్పాలి. మన పైరవీకి అంత రాతకోతల్లేవు. మాజీ గారు ఫీజన్న మాటే అనడు. “డీజిల్ పోయించున్రి, చాలు” అంటాడు. ఆ డీజిలుతో కారు కాశ్మీరు పోయి రావచ్చు. కోరుట్ల తల్లి దగ్గర మాత్రం డీజిలు ఊసెత్తడు. మంచితనమో, పాత ఓట్ల అలవాటో నేను చెప్పలేను.

ఓ రోజు పొద్దున అందరూ వినేలా స్పీకరు పెట్టి హైదరాబాదుకు ఫోన్ కలిపాడు.

“నమస్తే అన్నా, నేనే!”

“ఎవరండీ?”

స్పీకరు ఠక్కున ఆగింది. “మీటింగుల ఉన్నడు పాపం” అన్నాడు. పదకొండింటికి మళ్లీ కలిపాడు, ఈసారి సెక్షన్‌కు. అక్కడ గొంతు గుర్తుపట్టారు. ఫైలు నంబరు కూడా చెప్పారు.

సంఘం అధ్యక్షుడు పొంగిపోయి, “మల్ల నిలవడరాదు అన్నా!” అన్నాడు.

“నిలవడి గెలిస్తే మీ ఫైలు ఎవలు జూస్తరే?”