మూమెంట్ లేని మండలాలు

మేడ్చల్, శామీర్‌పేట వైపు రెండు వందల గజాల ప్లాట్లలో లేస్తున్న ఇళ్ల పునాది లెక్కలను నమ్మాలంటే, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక బరువు ఒక్కటే ఉంటుంది, మూమెంట్ (తిప్పే ప్రభావం) ఉండదు. పంచింగ్ షియర్ (కాలమ్ ఫుటింగ్‌ను గుచ్చుకుని చీల్చడం) చూడటానికి కాలమ్ చుట్టూ, ఫుటింగ్ ప్రభావిత లోతులో సగం దూరాన ఒక గీత గీస్తారు. గీత లోపలి నేల మోసేది తీసేసి, మిగిలిన లోడును ఆ చుట్టుకొలతతో, లోతుతో భాగించి 'సేఫ్' అని రాసేస్తారు. నట్టింటి కాలమ్‌కు కట్టిన ఈ లెక్కే 'ఎఫ్1' పేరుతో ప్రహరీ పక్క కాలమ్‌కూ అతికిస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెప్పదా అన్నది వీరి ధీమా. కుండలో మెతుకులన్నిటికీ సెగ ఒకటే మరి! ఫుటింగుల సంగతి అలా కాదు: హద్దు మీది ఫుటింగ్ పక్కింటి స్థలంలోకి జరగలేదు. కాలమ్ ఒక అంచున, నేల ఒత్తిడి కేంద్రం మరో చోట. మూమెంట్ పుట్టక తప్పదు. అక్కడ గీతకు ఒక వైపు పూర్తిగా పోతుంది, రెండు వైపులు కురచవుతాయి.

ఐఎస్ 456 ఈ సంగతి 2000లోనే స్పష్టంగా చెప్పింది: మూమెంట్‌లో కొంత భాగం షియర్ రూపంలోనే బదిలీ అవుతుంది, దాన్ని లోడు ఒత్తిడికి కలపాలి. చదరపు కాలమ్‌కు ఆ వాటా 40 శాతం. హద్దు కాలమ్‌ను పక్కనపెట్టి, వాళ్లకు అనుకూలమైన నడిమి కాలమ్‌నే తీసుకుందాం. 300 మిల్లీమీటర్ల చదరపు కాలమ్, మీటరున్నర చదరపు ఫుటింగ్, 300 ప్రభావిత లోతు, ఎం20 కాంక్రీటు. 650 కిలోన్యూటన్ల ఫ్యాక్టర్డ్ లోడుకు ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 0.76 న్యూటన్లు, అనుమతి 1.12. హాయిగా ఉంది. 150 కిలోన్యూటన్ మీటర్ల మూమెంట్ చేరిస్తే మరో 0.38 వచ్చి 1.14 అవుతుంది. లోడు పెరగలేదు, కాంక్రీటు మారలేదు. 'సేఫ్' మాత్రం మాయమైంది.

'సాఫ్ట్‌వేర్‌లో మూమెంట్ సున్నా వచ్చింది' అంటారు. కాలమ్ అడుగును పిన్ (మూమెంట్ మోయని కీలు) అని మీరే టైప్ చేశాక అది ఇంకేం చెబుతుంది? పిన్ అన్నంత మాత్రాన హద్దు ఫుటింగ్ మధ్యకు జరగదు. 'ఇక్కడ గట్టి మొరం' అనేవారికీ జవాబుంది: మొరం నేల కుంగదని హామీ ఇస్తుంది, కాంక్రీటు చీలదని కాదు. పంచింగ్‌లో రాడ్లు సాగి ముందే హెచ్చరించే మర్యాద కూడా తక్కువే. ఒక్క అభ్యంతరం మాత్రం న్యాయమైనది. హద్దు ఫుటింగ్‌ను లోపలి దానికి స్ట్రాప్ బీమ్‌తో కట్టి, ఆ బీముకే మూమెంట్ మోసే బలమిస్తే ఫుటింగ్‌కు బాధ తప్పుతుంది. కానీ డ్రాయింగులో కనిపించే బీముకు లెక్క ఏదని అడిగితే గోడలు మోసే ప్లింత్ బీమును చూపిస్తారు. ఇక మిగిలింది ఖర్చు. పైన లెక్కించిన ఫుటింగ్‌కే లోతు 50 మిల్లీమీటర్లు పెంచితే ఒత్తిడి 0.85కు దిగుతుంది, అదనంగా పట్టే కాంక్రీటు 0.11 ఘనపు మీటర్లు. బాల్కనీ గ్లాసు రెయిలింగ్ దగ్గర బేరమాడని చేయి, ఈ పాటి కాంక్రీటు దగ్గర మాత్రం ఎక్కడలేని పొదుపు నేర్చుకుంటుంది.