రాయలసీమలో నీళ్లు లేవని తేల్చిన ఆఫీసరు గారికి

విషయం: పడవ తెడ్లు – కర్నూలు, కడప బజార్లలో – దొరకకపోవుట – గురించి.

సూచిక: 1863లో పని మొదలైన కర్నూలు–కడప కాలువ.

ఆర్యా,

తమరి పేరేందో, తమరు కూర్చునే ఆఫీసు ఏ ఊళ్లో ఉందో నాకు తెలీదు. తమరు ఉన్నారని మాత్రం గట్టి నమ్మకం. సీమలో నీళ్లు లేవు, కాబట్టి పడవలు లేవు, కాబట్టి తెడ్లతో పనిలేదు అని ఎవరో ఒకరు ఫైలు మీద సంతకం పెట్టకపోతే, ఇన్ని అంగళ్లున్న కర్నూల్లో ఒక్క తెడ్డు లేకుండా పోదు. ఆ సంతకం తమరిదేనని అనుకుని ఈ లేఖ రాస్తున్నాను. కాకపోతే పక్క టేబులుకు పంపగలరు. అలవాటే కదా.

మా బామ్మర్దిది శ్రీశైలం వెనక జలాల ఒడ్డునున్న ఊరు. మత్స్యకారుల సొసైటీలో సభ్యుడు. ఇన్నాళ్లూ పుట్టి మీదే వేట. వెదురు బద్దలు అల్లి, కింద పట్టా బిగించి, తారు పూసిన గుండ్రటి పుట్టి. అయిదు వందల ఏళ్ల కిందట విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వ్యాపారి పేస్ కూడా తుంగభద్ర దాటడానికి ఇలాంటి బుట్ట పడవలే ఉన్నాయని రాశాడు. అప్పట్లో పట్టా లేదు, తోలు కప్పేవాళ్లు. మిగతాదంతా అదే. పుట్టికి ఒక్క పొట్టి తెడ్డు చాలు, అదీ ఇంట్లోనే చెక్కుకుంటారు. కానీ గాలి లేస్తే పుట్టి చెప్పిన మాట వినదు. అందుకని ఇద్దరం కలిసి కోస్తా నుంచి పాత ఫైబర్ పడవ ఒకటి కొన్నాం. లారీలో వచ్చింది. దించి చూస్తే తెడ్లు లేవు.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "అవి వేరే అండి, యాక్సెసరీస్ కింద వస్తాయి. అయినా తెడ్లేముంది, మీ ఊళ్లో ఎక్కడైనా దొరుకుతాయి" అన్నాడు. కోస్తా మనిషి. నీళ్లున్న చోటల్లా తెడ్లుంటాయని నమ్మే అమాయకుడు. తమరి ఫైలు ఆయన చదవలేదు.

కర్నూలు పాతబస్తీలో ఇనుప సామాన్ల అంగళ్లన్నీ తిరిగాను. ఒకసారి తమరూ తిరిగి చూడాలి. బోరు పైపులు, సబ్‌మెర్సిబుల్ మోటార్లు, కేబుళ్లు, స్టార్టర్లు, పడిపోయిన మోటారును బోర్లోంచి పైకి లాగే కొక్కేలు. నేలకింద వెయ్యి అడుగుల లోతున ఉందో లేదో తెలియని నీటి కోసం కావలసిన సరంజామా అంతా ఉంది. నేలమీద కళ్లెదురుగా అలలు కొడుతున్న నీటి కోసం ఒక్క వస్తువు లేదు. తమరి సిద్ధాంతాన్ని మా వ్యాపారులు ఎంత శ్రద్ధగా పాటిస్తున్నారో చూస్తే తమరి కడుపు నిండుతుంది.

"తెడ్లా? ఏం నాటకమన్నా, గుహుడి వేషమా?" అని అడిగాడు ఒకాయన, చాలా మర్యాదగా. ఇంకొకాయన, "పుష్కరాలు అయిపోయినాయి కదప్పా" అన్నాడు. తుంగభద్ర పుష్కరాలు 2020లో అయిపోయాయి. ఆ లెక్కన నేను మళ్లీ 2032లో వెళ్లాలి. మూడో అంగట్లో కుర్రాడు సెల్లులో బొమ్మ చూపించమని, చూసి, లోపలికెళ్లి పార తెచ్చాడు. కొత్త పార, మంచి కామ. "దీంతోనూ నీళ్లు తొయ్యొచ్చు సార్" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. అమ్మాలన్న ఉత్సాహమైనా ఉంది.

తర్వాత ఆన్‌లైన్. 'చెక్క తెడ్డు, చేతితో చేసినది, నాణ్యమైన పాలిష్' అని ఉంది. ఫోటోలో నిండుగా కనబడింది. వచ్చిన పెట్టె చూస్తేనే అనుమానమొచ్చింది. లోపల మూరెడు తెడ్డు, నీలం రంగు, మధ్యలో మూడు ఇత్తడి కొక్కేలు. గోడకు తగిలించి తాళంచెవులు వేలాడదీసుకునేదట. కస్టమర్ కేర్ అమ్మాయి, "వస్తువు పగిలిందా సార్?" అంది. లేదన్నాను. "ఫోటోలో ఉన్నదే వచ్చిందా?" అవునన్నాను. "మరి సమస్య ఏమిటి సార్?" పడవ నడవదమ్మా అంటే ఆ కారణం ఆమె జాబితాలో లేదు. మా బామ్మర్ది దానికి పడవ తాళంచెవి తగిలించమన్నాడు. ఫైబర్ పడవకు తాళంచెవేందిరా అంటే, "తెడ్లు లేని పడవకు ఏదుంటే ఏముంది బావా" అన్నాడు.

లైఫ్ జాకెట్ కోసం ఆటవస్తువుల అంగడికి పోతే స్విమ్మింగ్ పూల్లో పిల్లలకు తొడిగేది చూపించారు. దాని మీద బాతు బొమ్మ. దీని గురించి మాత్రం వెటకారం పక్కనపెట్టి చెబుతాను. 2007 జనవరిలో ఈ శ్రీశైలం వెనక జలాల్లోనే జాతరకు పోతున్న పడవ మునిగి పదుల మంది చనిపోయారు. అయినా నది ఒడ్డు జిల్లా కేంద్రంలో పెద్దవాళ్లకు సరిపోయే లైఫ్ జాకెట్ నాకు దొరకలేదు.

ఆఖరికి వడ్రంగి దగ్గరికి పోయాం. మంచి పనిమంతుడు, గుంటకలు, బండి చక్రాలు చేసిన చెయ్యి. తెడ్డు మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. బాడిస పట్టుకుని పడవ చుట్టూ తిరిగి, "తుమ్మకట్టెతో చేస్తా, నీ మనవడు కూడా వాడతాడు" అన్నాడు. తెడ్డుకు తేలికైన కట్టె కావాలి, పోగు తిన్నగా పోవాలి. పిడి గుండ్రంగా ఉండి మెడ దగ్గర సన్నబడాలి. రెక్క అంచులు పలచబడి, నడుమ వెన్ను మిగలాలి. నీళ్లలోకి దిగేటప్పుడు చప్పుడు రాకూడదు. పడవ అంచున గూటం నాటి, తాడు ఉంగరంతో తెడ్డును దానికి కట్టేస్తారు కాబట్టి ఆ ఉంగరం ఒరుసుకునే చోట తోలు చుట్టాలి. ఇదంతా మా బామ్మర్ది చెబుతూనే ఉన్నాడు. ఆయన తలాడిస్తూనే ఉన్నాడు. వారం తర్వాత ఇచ్చిన జత చూస్తే రెక్క పొడవునా ఒకే మందం, బండి చక్రం ఆకంత. ఒక్కోటి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ఒకసారి ఒడ్డు నుంచి వలల దాకా పోయొచ్చి మా బామ్మర్ది భుజాలు పట్టుకుని కూర్చున్నాడు. "మనవడు పుట్టేదాకా నేనుండాల గదా బావా" అన్నాడు.

వడ్రంగిని తప్పుపట్టను. ఆయన చేతికి ఒక్క మంచి తెడ్డు నమూనా ఎవరూ ఇయ్యలేదు.

ఇప్పుడు తమరి ఫైలు సంగతికి వస్తాను. శ్రీశైలం జలాశయానికి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. నీటిమట్టం 885 అడుగులకు చేరితే ఇప్పటికీ రెండు వందల టీఎంసీలకు పైన పడుతుంది. దాని కింద ఊళ్లకు ఊళ్లు పోయాయి. సంగమేశ్వరుడి గుడి ఏటా నెలల తరబడి నీళ్లలోనే. ఎండాకాలంలో బయటపడితే పూజ, వరదొస్తే మళ్లీ మునక. తెలుగుగంగ కింద వెలుగోడులో దాదాపు 17 టీఎంసీలు, బ్రహ్మంసాగర్లో 17కు పైన. గోరకల్లు, అవుకు ఉన్నాయి. కడప వైపు మైలవరం, గండికోట. గండికోటలో ఒక్కదాంట్లోనే 26 టీఎంసీలకు పైన. సోమశిల జలాశయం నెల్లూరుదే, దాని వెనక నీళ్లు మా కడప పొలాల్లోకి వచ్చి కూర్చుంటాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాత కర్నూలు జిల్లాలోని పెద్ద నీళ్లన్నీ నంద్యాల జిల్లా వాటాకు పోయాయి. కర్నూలుకు సుంకేసుల, గాజులదిన్నె మిగిలాయి. అయినా లేవని మాత్రం అనలేం.

ఆ నీళ్లు తాగడానికి, పంటకు మావా కావా అనే తగాదా ఈ లేఖలో ఎత్తను. అది తమరి రిటైర్మెంటు లోపల తేలేది కాదు. నీళ్ల మీద తేలే సంగతి మాత్రమే అడుగుతున్నాను.

సూచికలో రాసిన కాలువ సంగతి తమరికి గుర్తుందో లేదో. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే తెల్లదొరల కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా దాదాపు మూడు వందల కిలోమీటర్లు తవ్వింది. పంటకే కాదు, పడవలు నడపడానికి కూడా అని లాకులు కట్టింది. కంపెనీ నష్టాల్లో మునిగితే 1882లో సర్కారు కొనేసింది. అంటే కర్నూల్లో పడవెక్కి కడపలో దిగొచ్చని నూటయాభై ఏళ్ల కిందట లండన్లో కూర్చున్న షేర్‌హోల్డర్లు నమ్మి డబ్బులు పెట్టారు. ఇవాళ ఆ కాలువ రెండు కొసల్లో ఏ కొసలోనూ నాకు తెడ్డు దొరకలేదు. దొరల నమ్మకం కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. తమరిది మరీ తక్కువ.

2009 అక్టోబరు 2న కర్నూలు ఊరే మునిగింది. మిద్దెల మీద నిలబడి జనం పడవ కోసం ఎదురుచూశారు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను చెయ్యేరు ఊడ్చుకుపోయింది. ఆ రెండు రోజులూ తమరి ఫైలు ప్రకారం సెలవే అయ్యుండాలి.

మిగతా సామాను సంగతి పొడిగించను. లంగరు అడిగితే కడపలో నల్లబండ ముక్కకు బెజ్జం కొట్టి ఇచ్చారు. చవక, పైగా బాగానే పనిచేస్తోంది. ఒండ్రులో కూరుకుపోయి కదలదు. వల బెండ్లకు తెగిన చెప్పులు కోసి వాడుతున్నాం. వాటికి మా ఊళ్లలో కొరత లేదు. విచిత్రం ఏమిటంటే అలివి వల, ఆ సన్నకన్ను వల, పిల్లచేపను కూడా వదలదని నిషేధించారే, అది కావాలంటే ఏ మూల దొరుకుతుందో చెప్పేవాళ్లు మాత్రం ఒడ్డున చాలామంది ఉన్నారు. చట్టం ఒప్పుకున్న తెడ్డు గురించి అడిగితేనే నోళ్లు మూతపడతాయి.

కడప అంగళ్లలో నెల్లూరుకు పొమ్మన్నారు. పోయాను. సముద్రం వైపు ఒక పడవల షెడ్డులో గోడకు ఆనించి తెడ్లు, పొట్టివి పొడుగువి, వరసగా. ముసలాయన బీడీ పక్కన పెట్టి, తెడ్డెంత పొడుగు కావాలని అడగలేదు. "పడవ అడ్డం ఎంత?" అన్నాడు. అది చెప్పగానే వెళ్లి ఒక జత తీసి, ఒక్కో తెడ్డునూ నా అరచేతి మీద అడ్డంగా పెట్టించి, ఎక్కడ బరువు సరిపడిందో చూసి, ఇది కాదని ఇంకో జత తీశాడు. బేరం కూడా ఎక్కువ ఆడలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగే మనిషి కోసం సీమ దాటి పోవాల్సి వచ్చింది.

ఎనిమిదడుగుల జతతో బస్సెక్కితే కండక్టరు లగేజీ టికెట్టు కొట్టబోతూ, "ఎక్కడికి సామీ?" అన్నాడు. ఆత్మకూరుకన్నాను. నెల్లూరు ఆత్మకూరే అనుకుని సోమశిలలో ఈ ఏడు చేపలెట్లున్నాయని మాట కలిపాడు. కాదన్నా, నల్లమల పక్కనున్న నంద్యాల జిల్లా ఆత్మకూరు అన్నాను. ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు. "ఆడ తెడ్లెందుకన్నా?" అన్నాడు కండక్టరు. ఆయన కూడా తమరి సర్క్యులరు చదివినట్టున్నాడు.

అందుచేత తమరికి మనవి. పడవకు సబ్సిడీ ఇచ్చే పథకం ఏదైనా సరే, తెడ్లు పడవలో భాగమేనని ఒక్క ముక్క చేర్పించండి. తెడ్లు లేని పడవను పడవ అని రాసుకోవడం తమరికీ నామోషీయే. సొసైటీ గదుల్లో మంచి తెడ్డు ఒక్కటి నమూనాగా గోడకు కట్టించండి, తాడు వేసి మరీ. మా వడ్రంగులు చూసి చేస్తారు, వాళ్ల చేతిలో పనుంది. పెద్దవాళ్ల కొలత లైఫ్ జాకెట్లు రిజర్వాయరు ఒడ్డునే అమ్మించండి. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే సరుకు చెల్లదని అంగళ్లవాళ్లు భయపడతారు, నిజమే. అందుకే అంగడివాణ్ణి అడగడం లేదు, తమర్ని అడుగుతున్నాను. తెడ్డు పాచిపోయే సరుకు కాదు, నీడన పెడితే మళ్లీ వరదొచ్చేదాకా ఉంటుంది.

పైవేవీ కుదరకపోతే, సీమలో నీళ్లు లేవన్న తమరి ఉత్తర్వు నకలొకటి శ్రీశైలం డ్యాముకు పంపించండి. గేట్లు ఎత్తేవాళ్లకు పనికొస్తుంది.

ఇట్లు,
తమరి విధేయుడు,
పడవలో సగం వాటాదారు

జతపరచినది: నీలం రంగు తెడ్డు, మూరెడు, కొక్కేలు మూడు. తమరి ఆఫీసు తాళంచెవుల కోసం.