అభిప్రాయమూర్తి

రేణిగుంట కూడలిలో నాలుగు ఇనుపదారులు కలియును. పుత్తూరు మీదుగా మద్రాసునకు పోవునది ఒకటి. కోడూరు, రాజంపేటల మీదుగా కడపకు పోవునది మరియొకటి. కాళహస్తి మీదుగా గూడూరునకు పోవునది మూడవది. ఏడుకొండలవాని పాదాల చెంతకు, అనగా తిరుపతికి, పోవునది నాలుగవది. ఇన్ని దారులు కలియుచోట బండికై వేచియుండువారు అనేకులు, వేచియుండువారిలో చదువువారు కొందరు, ఆ చదువువారి ప్రక్కన చేరి వారి చేతిలోని గ్రంథమును గూర్చి తన అభిప్రాయము చెప్పువాడు ఒకడు ఉండక తప్పదు. అట్టివాడు ఆంధ్రదేశమున ప్రతి ఊరను ఉండును గాని, మా ఊరివానికి సాటి రాగలవాడు ఉన్నచో గుంతకల్లులో ఉండవలెను. అదియును పెద్ద జంక్షనే గదా.

ఆయనను ఊరివారు అభిప్రాయమూర్తి అందురు. తల్లిదండ్రులు పెట్టిన పేరు పింఛను కాగితములలో భద్రముగా ఉన్నది. ఉద్యోగపుకాలమంతయు పార్సిలాఫీసులో గడిపి, మూట విప్పకయే లోపలి సరుకు ఏమిటో, ఎంత తూగునో చెప్పగల నేర్పు సంపాదించి, ఉద్యోగవిరమణానంతరము ఆ నేర్పునే సాహిత్యమునకు అన్వయించిన మహానుభావుడు. పుస్తకము చేతికి అందిన తోడనే ముందుగా దానిని అరచేత ఉంచుకొని రెండుమారులు పైకి క్రిందికి ఊపి చూచును. తరువాత వెల చూచును. తరువాత అట్టవెనుక రచయిత ఛాయాచిత్రమును పరికించి, మీసమున్నచో వాస్తవికతావాది యనియు, లేనిచో భావుకుడనియు, కండ్లజోడు ఉన్నచో ఎవరినో అనుకరించినవాడనియు నిశ్చయించుకొనును. ఆపైన పీఠిక వ్రాసినవారి పేరును, అంకితము పుచ్చుకొన్నవారి పేరును చదివి, ఆ ఇరువురికిని బంధుత్వమేమైన కలదా యని ఒక నిమిషము యోచించి, పుస్తకమును సగౌరవముగా తిరిగి ఇచ్చివేయును. అప్పటికి అభిప్రాయము సిద్ధమైయుండును.

తిరుపతిలో 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది మొదలు, తెలుగు ఎం.ఏ. చదువు పిల్లలు మా స్టేషనులో బండి మారుట పరిపాటియైనది. అట్టి కుర్రవాడొకడు ఒకనాడు ‘వేయిపడగలు’ చదువుచు మా మూర్తిగారి కంటబడెను.

“యాడికొచ్చినావు నాయనా?”

“మున్నూరో పేజీ కాడికి వచ్చినా సార్.”

“అబ్బో, అంత దూరం యెందుకు పోయినావబ్బా! నేను మొదటి స్టేషన్లోనే దిగేస్తి. గొప్ప పుస్తకం. అయితే రవంత సాగదీసినాడు.”

“యాడ సాగదీసినాడు సార్?”

“నడిమిద్దెన.”

ఈ ఒక్క మాటలో ఆయన ప్రతిభ యంతయు ఇమిడియున్నది. లావుపాటి పుస్తకము ఏదైనను నడుమ కొంత సాగకపోదు. ఆ నడుమ దాటి అవతలి ఒడ్డు చేరినవారు అరుదు గనుక కాదనువారును అరుదు. కుర్రవాడు వినయముతో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1934లో నడపిన నవలల పోటీలో ఈ గ్రంథమునకును అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’నకును బహుమానమును చెరిసగము పంచిరని విన్నవించుకొనెను. పండితులైన న్యాయనిర్ణేతలే తేల్చలేక పంచిన ఆ వివాదమును మా మూర్తిగారు సిమెంటు బల్లమీద కూర్చుండి, రెండింటిలో దేనినీ విప్పకయే, “నారాయణరావే ఒక వీసం ఎక్కువ తూగుతాది” అని తేల్చివేసిరి. పి.వి. నరసింహారావుగారు వేయిపడగలను ‘సహస్రఫణ్’ అను పేర హిందీలోనికి అనువదించిన సంగతి కుర్రవాడు ఎత్తగా, “హిందీలోనే ఇంకా బాగుండాది” అనెను. ప్లాట్‌ఫారము చివర పసుపుపచ్చని పలకమీద ఊరిపేరు వ్రాసియున్నంత మేరకే ఆయనకు హిందీ వచ్చునని ఆ కుర్రవాడు ఎరుగడు. తెలుగు పలక ప్రక్కనే యుండుటచేత ఆ మేరకైన వచ్చినది.

ఆయన వద్ద నిలువయున్న తీర్పులు కొలదిగనే యుండును. నవలయైనచో, “శైలి బాగుండాది, శిల్పం లేదు.” కథల సంపుటియైనచో, “శిల్పం ఉండాది, జీవం లేదు.” పద్యకావ్యమైనచో, “ఇప్పుడెవురు చదవతారు సామీ!” వచనకవితయైనచో, “నాకే అర్థమైపాయ, ఇంగ అది కవిత్వమెట్లా అయితాది?” ఈ నాలుగింటితో ఒక మనుష్యుడు ఇన్నేండ్లుగా సాహిత్యలోకమున నెగ్గుకొని వచ్చుచున్నాడన్నచో ఆశ్చర్యపడువారు మన పత్రికలలోని గ్రంథసమీక్షలను శ్రద్ధగా చదువనివారై యుండవలెను.

విమర్శకుడనన్నచో ఆయనకు గర్వమే కాని సంకోచము లేదు. ఏలనన, విమర్శ ఉమ్మడి చిత్తూరు జిల్లా సొత్తని ఆయన నమ్మకము. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ ప్రకటించి, పింగళి సూరన కళాపూర్ణోదయమును చేతబట్టుకొని ప్రబంధకవుల వర్ణనల మీద దండెత్తి, పండితలోకమును కలవరపెట్టిన సంగతి మూర్తిగారికి ఎవరో చెప్పగా తెలిసినది. “ఆయన చెప్పిందీ నేను చెప్పేదీ ఒగటే అబ్బా. ఆయన అంతా చదివి చెప్పినాడు, నేను చదవకనే చెప్తాండా” అనును. చూడగా ఇందులో భేదము ఒకటి కలదు. సూరన కట్టిన కథలోని చిక్కుముడులన్నిటిని విప్పి చూచినవాడు గనుక, రెడ్డిగారితో పోరాడదలచినవారు మరల సూరనను తెరువవలసివచ్చెను. మా మూర్తిగారితో వాదింపవచ్చినవారికి ఆ శ్రమ లేదు, ఇరుపక్షములును ఉత్తచేతులతోనే దిగవచ్చును. ఆ 1914లోనే బెజవాడలో గ్రంథాలయోద్యమపు పెద్దలు సభచేసి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిరి. ఊరూర చదువరులు పుట్టవలెనని వారి సంకల్పము. చదువరులతోపాటు ఇంకేమి పుట్టునో వారు ఊహించియుండరు.

ఇంటి సంగతి వేరు. ఆయన ఇల్లాలు వారపత్రికలోని ధారావాహికను ఒక్క వారము తప్పక, బియ్యములో రాళ్లేరుచు, ఒడిలో పత్రిక పరచుకొని చదువును. భోజనవేళ ఆమె కథ చెప్పును. సాయంకాలము బజారులో ఆయన దానిమీద అభిప్రాయము చెప్పును. ఆమె అభిప్రాయమేమో ఇంతవరకు ఎవరును అడిగినవారు లేరు. నేనొకమారు అడుగగా, “చదవతా ఉంటే పొద్దు తెలీదన్నా. చెప్పేదానికి ఏముండాది?” అని లోపలికి పోయినది.

ఇంత చెప్పితినని ఆయనను నిష్ప్రయోజకునిగా ఎంచరాదు. ఆయన మెచ్చిన పుస్తకమును చదివినట్లే భావించి ఎవరును కొనరు గాని, తిట్టిన పుస్తకమునకు మాత్రము గిరాకి పెరుగును. “ఆయన నోట్లో పడితే రెండు కాపీలు ఎక్కువ పోతాయి సామీ” అని పుస్తకాల అంగడివాడు ఆయనకు ఉచితముగా టీ ఇప్పించును. ఆ టీ తన విద్వత్తునకు దక్కిన సత్కారమని ఆయన తలచును.

ఇట్టి ప్రతిష్ఠకు దెబ్బ తగిలిన విధము చెప్పెదను. ఒక రాత్రి రాజంపేటలోని కూతురింటికి పోవలెనని స్టేషనుకు వచ్చి, బండి ఆలస్యమగుటచేత అంగడిలో ఒక చిన్న పుస్తకము తీసి అరచేత ఊపి చూచెను, తేలికగా ఉండెను. అది డాక్టర్ కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’. కేశవరెడ్డిగారు మా ఉమ్మడి జిల్లాలోని తలుపులపల్లెలో పుట్టి, నిజామాబాదు దాపున డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యము చేసిన డాక్టరు. పందులు కాచుకొను ముసలివాడొకడు, ఈననున్న తన పందిని వెదకుచు అడవిలోనికి పోయి గడపిన రాత్రియే ఆ నవల. మా మూర్తిగారు వెల చూచిరి, రచయిత మొగము చూచిరి, అలవాటు తప్పి మొదటి పుట చూచిరి. కడప వైపు బండి వచ్చినది, కూసినది, పోయినది. ఆయన బల్లమీదనే ఉండెను.

మరునాడు గ్రంథాలయపు వరండాలో పత్రికలు చదువువారందరు ఆయన చేతిలో పుస్తకము చూచి మూగిరి.

“మన జిల్లావోడు రాసిందంట గదా సామీ, ఎట్టుండాది?”

“బాగుండాది.”

“శైలి?”

“గమనించలేదబ్బా.”

“పోనీ, నడిమిద్దెన సాగదీసినాడా?”

“ఏమో. తెల్లారిపాయ.”

అందరు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. ఇంకొకడు శిల్పమును గూర్చి అడుగబోవగా ఆయన పుస్తకమును సంచిలో వేసికొని, ఇంట పని ఉన్నదని లేచిపోయెను. సాయంకాలమునకు రైల్వే క్వార్టర్ల మొదలు కూరల అంగళ్ల దాక వార్త పాకినది: పాపము, పెద్దాయన ఆ పుస్తకమొక్కటి మాత్రము చదువలేదట.