పెంచకండి బాబోయ్!

తెనాలిలో ఓ బట్టల కొట్టు. బిల్లులు రాసే పోలియో గుమాస్తాకి షావుకారు దసరా శుభవార్త చెప్పాడు.

"వచ్చే నెల నుంచి ఇంకో ఐదొందలు వేసిస్తానయ్యా."

"మీకు దణ్ణం పెడతానండీ, ఆ పని మాత్రం చెయ్యకండి!"

గుమాస్తా లెక్కే రైటు. ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగుల పింఛను 2024లో 3 వేల నుంచి 6 వేలైంది. సంతోషం. కానీ పట్నంలో కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు (పల్లెలో 10 వేలే) దాటితే అనర్హులు. ఇప్పుడు జీతం 11,900, పింఛను 6 వేలు, వెరసి 17,900. ఆ ఐదొందలు పెరిగాయా, చేతికొచ్చేది 12,400! జీతం పెరిగితే జరిమానా వెయ్యడం సర్కారుకే చెల్లింది. పైగా చూసేది ఇంటిల్లిపాది ఆదాయం. తమ్ముడికి కొలువు దొరికితే అన్నగారి కాలు బాగైపోయినట్టే లెక్క. కరెంటు 300 యూనిట్లు దాటినా అదే వైద్యం.

మళ్లీ 2016 నాటి కేంద్ర చట్టమేమో సర్కారు కొలువుల్లో దివ్యాంగులకి 4 శాతం ఇవ్వమంటుంది. పని చెయ్యమనేది ఢిల్లీ కాగితం, చేస్తే నీ సంగతి చూస్తాననేది అమరావతి కాగితం.

ఇక పింఛనుకి కావలసిన 40 శాతం వైకల్యం ఉందో లేదో తేల్చే తనిఖీలు. ర్యాంపు లేని ఆఫీసు మెట్లు చేతులమీద పాక్కుంటూ ఎక్కి వెళ్లారనుకోండి, "అరె, బాగానే ఎక్కొచ్చావే!" అని పెన్ను 39 దగ్గర ఆగినా ఆగొచ్చు.