అంకుశం దగ్గర బేరం

సొంత విమానం కొన్నవాడి ధైర్యానికి దండం పెట్టాలి. ఉన్నది ఒక్క ఇంజిన్, అదీ చాలాసార్లు తన వయసుదే. దాన్ని నమ్మి పెళ్లాంబిడ్డల్ని ఎక్కించుకుని ఆకాశానికి లేస్తాడు. అంతటి వీరుడూ అరచేతిలో ఇమిడే ఆయిల్ డ్రెయిన్ వాల్వు ధర చూడగానే నీరుగారిపోతాడు. ‘కార్లకి ఇలాంటిదే చవగ్గా దొరుకుతుందే!’ అంటాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే.

వాల్వు మీద మోజు పుట్టడం తప్పు కాదు. అమెరికా పల్లె ఎయిర్‌పోర్టుల్లో సెస్నా 172 విమానం ముక్కు కింద చేరి చూడండి, ఎందుకో అర్థమవుతుంది. ఇంజిన్ నూనె నిలిచే సంపు అడుగున ఒక ప్లగ్గు, అది వదులవకుండా మెలిపెట్టి కట్టిన సేఫ్టీ వైరు. వైరు ఎప్పుడూ ప్లగ్గును బిగిసే వైపే లాగుతుండాలి. నూనె మార్చిన ప్రతిసారీ ఆ వైరు కోయాలి, దాని మొన వేలికి గీరుకోవాలి, వేడి నూనె మోచేతిదాకా కారుతుంటే ప్లగ్గు బకెట్లో పడకుండా పట్టుకోవాలి, మళ్లీ కొత్త వైరు కట్టాలి. ఫిల్టరున్న లైకమింగ్ ఇంజిన్‌కి 50 గంటలకోసారి, జల్లెడ మాత్రమే ఉంటే 25 గంటలకోసారి ఈ తద్దినం. ఎగరకుండా షెడ్డులోనే ఉంచినా నాలుగు నెలలకు తప్పదు. అదే క్విక్ డ్రెయిన్ వాల్వయితే గొట్టం తగిలించి, పైకి నొక్కి, కాస్త తిప్పితే చాలు. 8 క్వార్టుల నూనె, అంటే ఏడున్నర లీటర్లు, చొక్కాకు మరక అంటకుండా దిగిపోతుంది.

కానీ కొనేవాడు అడిగే ప్రశ్నలు వినండి. సులువుగా తెరుచుకుంటుందా? నూనె గబగబా దిగుతుందా? ఒంటిచేత్తో తిప్పొచ్చా? అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌ను పెట్టుకుంటూ ‘గేటు ఎంత త్వరగా తీస్తావోయ్?’ అని మాత్రమే అడిగినట్టుంది. అయ్యా, ఆ వాల్వు తెరుచుకునేది ఏడాదికి నాలుగైదుసార్లు. మిగతా కాలమంతా దాని ఉద్యోగం నోరు మూసుకుని ఉండటం. మనుషుల్లోనే అరుదైన ఆ గుణం అక్కడ ఒక స్ప్రింగు మీద, ఒక రబ్బరు ఓ-రింగు మీద ఆధారపడి ఉంది. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడుతుంది. ఇసుకరేణువంత మసి ఇరుక్కున్నా చుక్క మొదలవుతుంది.

ఇక ‘మర పట్టింది కదా, సరిపోయింది’ అనే పండితుడున్నాడు. లైకమింగ్ సంపుల్లో చాలావాటికి అర అంగుళం పైపు మర; లోపలికి పోయేకొద్దీ బిగుసుకునే రకం. కాంటినెంటల్ ఓ-200 ఇంజిన్‌కి వాషరు మీద కూర్చునే తిన్నని మర. తేడా తెలియనివాడు కండబలంతో తేల్చేస్తాడు. సంపు పగులుతుంది. వాల్వు దగ్గర మిగిల్చిన డబ్బు సంపు తినేస్తుంది.

ఇంకో రసికుడు చక్రాలు ముడుచుకునే విమానానికి కిందికి పొడుచుకొచ్చే వాల్వు బిగిస్తాడు. నేలమీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది. టేకాఫయ్యాక ముక్కు చక్రం లోపలికి ముడుచుకుంటూ వెళ్లి వాల్వును పైకి నొక్కిందనుకోండి, హ్యాంగర్‌లో అతను మెచ్చుకున్న సులువే గాల్లో ఎదురవుతుంది: ఒంటిచేత్తో, గబగబా, చొక్కాకు మరక అంటకుండా! ప్రెషరు ముల్లు సున్నాకి జారుతుంది, బేరింగులు కాలతాయి, కొన్ని నిమిషాల్లో ప్రొపెల్లరు ఆగుతుంది. విమానం కొన్నవాడికి గ్లైడరు ఉచితం.

కారుకు సరిపోయిన వాల్వు విమానానికి ఎందుకు సరిపోదని ఇంకా వాదించేవారికి ఒకే జవాబు. కారును రోడ్డు పక్కన ఆపొచ్చు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆమోదముద్ర కావాలనేది అందుకే.

కాబట్టి మీ ఇంజిన్‌కీ, మీ విమానం మోడల్‌కీ ఆమోదించిన పార్టు నంబరే అడగండి. ఇంజిన్‌ను కప్పే కౌలింగుకూ చక్రానికీ తగలదని మెకానిక్ చేత చూపించుకుని, లాగ్‌బుక్కులో రాయించండి. మీ విమానానికి తగినది దొరక్కపోతే పాత ప్లగ్గూ వైరూ నామోషీ కాదు. నూనె మార్చాక గొట్టం తీసి, వాల్వు పూర్తిగా కిందికి దిగి మూసుకుందో లేదో వేలితో తడిమి, తుడిచి, ఇంజిన్ కాసేపు నడిపి ఆపి, టార్చి వేసి చూడండి. కొత్త చుక్క కనిపిస్తే ఆ రోజు ఎగరకండి.