ఫారం నంబరు లేని కెప్టెన్

ఏర్గట్లలో "కెప్టెన్ సాబ్ ఇల్లెక్కడ?" అని అడిగితే మిలిటరీ మనిషి ఇల్లు చూపించరు. కబడ్డీ కెప్టెన్ ఇల్లు చూపిస్తారు. ఆ హోదా ఆటతో కాదు, జిల్లాల విభజనతో వచ్చిందని గిట్టనివాళ్లు అంటారు. 2016 దసరాకు తెలంగాణలో పది జిల్లాలు 31 అయినప్పుడు, మోర్తాడ్ మండలంలో ఉన్న ఏర్గట్ల తానే ఒక మండలమైంది. ఊరికి తహసీల్దారు ఆఫీసు దగ్గరైంది. మోర్తాడ్ జట్టులో బెంచీ మీద కూర్చుని అందరి చెప్పులకు కాపలా కాసే మనవాడికి కెప్టెన్సీ దగ్గరైంది. మండలానికొకడు ఇలాంటివాడు ఉండనే ఉంటాడు గనుక పేరుతో పనిలేదు.

ఆట సరిగా మొదలుకాకముందే ఆట తర్వాతి బతుకు గురించి ఆలోచించిన ముందుచూపు కెప్టెన్‌ది. టోర్నమెంటు పోస్టరు వాట్సాప్‌లో రాగానే మిగతా పోరగాండ్లు ఫస్ట్ ప్రైజు ఎంతని చూస్తారు. ఇతను నిర్వాహకులకు ఫోన్ కొట్టి ఒకటే అడుగుతాడు: "అన్నా, సర్టిఫికెట్ ఇస్తరా?" ఇస్తామంటే ఆర్మూరైనా, మెట్‌పల్లి అయినా, బోధన్ అయినా బండి తీస్తాడు. మొదటి రౌండులోనే ఓడినా దిగులు పడడు. పాల్గొన్నందుకిచ్చేదీ కాగితమే కదా! ఈ టోర్నమెంట్లు ఎక్కువగా సంక్రాంతి చుట్టుపక్కలే వస్తాయి, పసుపు తవ్వేదీ అప్పుడే. "పంటకు తొమ్మిది నెల్లు, నీ కూతకు ముప్పై సెకండ్లు. ఏది తిండి వెడ్తదిరా?" అని వాళ్ల బాపు ఏటా అడుగుతాడు. ఏటా జవాబు రాదు.

కాగితాలన్నీ జిప్పున్న నీలం ఫైల్లో, పురుగు పట్టకుండా నాఫ్తలీన్ ఉండలతో భద్రంగా ఉంటాయి. ఒకదాని మీద ఇంటిపేరు ముందుంది, ఒకదాని మీద వెనకుంది, ఇంకోదాని మీద లేనేలేదు. మరొకదాంట్లో తండ్రి పేరు ఆటగాడి పేరు దగ్గర పడింది. దాని ప్రకారం వాళ్ల బాపు అండర్-17లో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. అన్నింటికీ లామినేషన్.

స్పోర్ట్స్ కోటా కోసం ఆ ఫైలు ఒక ఆఫీసు బల్ల మీద పెట్టాడోసారి. అక్కడి సారు ఓపికగా చెప్పాడు: "ఫారం 1 దేశానికి ఆడినోళ్లకు. 2 నేషనల్స్‌లో రాష్ట్రానికి ఆడినోళ్లకు. 3 ఇంటర్ యూనివర్సిటీ, 4 నేషనల్ స్కూల్ గేమ్స్. నీదేది బాబూ?" కెప్టెన్ గణేశ్ నవరాత్రుల టోర్నమెంటు సర్టిఫికెట్ తీశాడు. దాని మీద ఆటగాడి పేరు కంటే ఎరువుల దుకాణం పేరు పెద్దగా ఉంది. సారు అటూ ఇటూ తిప్పి, "లామినేషన్ చేయిస్తే నేను ముద్ర ఎక్కడ కొట్టాలె?" అన్నాడు. ఫారం లేదన్న బాధ కంటే లామినేషన్ డబ్బుల బాధ చాలాకాలం ఉంది.

నిజామాబాద్ జిల్లాలో ఆటగాడిగా పుట్టడంలో ఒక ఇబ్బంది ఉంది. ఎవరు మందలించబోయినా బాక్సర్ నిఖత్ జరీన్ పేరు అడ్డం పెట్టొచ్చు. ఆమె 2021లోనే బ్యాంక్ ఆఫ్ ఇండియాలో చేరింది, 2024లో డీఎస్పీ అయింది. రింగులో ఉండగానే రింగు తర్వాతి సంగతి చక్కబెట్టుకుంది. "ఆమెకిచ్చిన్రు, నాకెందుకియ్యరు?" అంటాడు కెప్టెన్. ఈ రెండు కొలువుల మధ్య 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో గెలిచిన ప్రపంచ టైటిళ్లను సీరియల్ మధ్య ప్రకటనల్లా దాటేస్తాడు.

2014లో ప్రో కబడ్డీ వచ్చాక మరో ఆశ మొలిచింది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల చిల్లరకు కొన్ననాడు కెప్టెన్ అన్నం ముట్టలేదు. సీనియర్ పురుషుల కబడ్డీలో బరువు 85 కిలోలు దాటొద్దని నియమం. వాకిట్లో పసుపు బస్తాలు తూచే కాంటా ఎక్కాడు. బాపు ముల్లు చూసి, "తొంబై ఒకటి. తరుగు తీసినా ఎనబై అయిదుకు రాడు" అని కాంటా మీదికి తర్వాతి బస్తా లాగాడు.

ఆ మరుసటేడే మోకాలి లిగమెంటు పోయింది. సొంత చేను పసుపుతోనే పట్టు వేశారు. ఇక ఊరంతా సలహాలే. దుబాయ్ పొమ్మన్నవాళ్లు ఎక్కువ. ఏజెంటు నీలం ఫైలు పక్కకు జరిపి పాస్‌పోర్టు అడిగాడు. ఇంకో కాక, "పర్మనెంటు నౌకరి అంటవేందిరా? బోధన్ శక్కర్ ఫ్యాక్టరీ కంటే పర్మనెంటా? 1937ల పెట్టిన్రు, 2015ల తాళమేసిన్రు" అన్నాడు. 2025లో నిజామాబాద్‌లో పసుపు బోర్డు తెరిస్తే, దాంట్లో స్పోర్ట్స్ కోటా ఉందా అని ఆరా తీసినవాడు జిల్లా మొత్తంలో మన కెప్టెన్ ఒక్కడే అయ్యుంటాడు.

అసలైన దారి ఊళ్లోని వ్యాయామం సారుకు తెలుసు: డిగ్రీ, పీఈసెట్, బీపీఈడీ, పీఈటీ పోస్టు. ఆ మాట పద్దెనిమిదేళ్లప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదెవరూ, అప్పుడు అందరం గీత బయట నిలబడి ఈలలేశాం. కెప్టెన్‌కు డిగ్రీలో రెండు సబ్జెక్టులు ఇంకా అలాగే ఉన్నాయి.

పోయిన దసరాకు టోర్నమెంటు తనే పెట్టించాడు. గ్రామాభివృద్ధి కమిటీ టెంటు వేయించింది, ఎరువుల దుకాణం షీల్డులిచ్చింది. ఊపిరి బిగబట్టి కూత పెట్టిన గొంతు కదా, రాత్రి పన్నెండు దాకా మైకు వదల్లేదు. తర్వాత ఆర్గనైజింగ్ సెక్రటరీ హోదాలో సర్టిఫికెట్ల మీద సంతకాలకు కూర్చున్నాడు. "ఆధార్ కార్డుల ఎట్లున్నదో గట్లనే చెప్పు తమ్మీ. మీ బాపు పేరు ఆఖరుకు చెప్పు" అని ఒక్కొక్కరినీ అడిగి రాయించాడు.

ఒక పోరడు కాగితం పట్టుకుని కదల్లేదు. "అన్నా, గిది ఫారం ఎంత?"

కెప్టెన్ తలెత్తలేదు. "డిగ్రీ అయిందా నీది?"

"రెండు సబ్జెక్టులు మిగిలినయన్నా."

పెన్ను ఆగింది. "ఏమేం?"

పోరడు చెప్పాడు. కెప్టెన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గైడ్లు కొన్నవా? నీది సదువుడు అయినంక నాకియ్యి."